సిగ్గు మీద మోపిన నేరం

అక్టోబరు నెల వస్తే రొమ్ము క్యాన్సర్ అవగాహన పేరుతో గులాబీ రంగు రిబ్బన్లు వస్తాయి. బెంగళూరులో మొదలై చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, మా చింతామణి దాకా వస్తాయి. కాలేజీ పిల్లలు అట్టలు పట్టుకుని బజారు వెంట నడుస్తారు. సాయంత్రం సభ. మైకు ముందుకు వచ్చిన పెద్దమనుషుల్లో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా సభ ముగియదు: "మన పల్లె ఆడవాళ్ళకు సిగ్గెక్కువండీ. ఎదలో గడ్డ చేతికి తగిలినా మొగుడికి కూడా చెప్పరు. పుండు పడ్డాక తీసుకొస్తారు. అప్పుడు మేమేం చేసేది?"

అందరూ తలలూపుతారు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు కూడా ఊపుతారు. నేనూ చాలా ఏళ్ళు ఊపాను. ఇప్పుడు ఊపలేను. ఆ మాట అబద్ధం. జాలిగా, నెమ్మదిగా చెప్పినా అది చనిపోయినవాళ్ళ మీద నేరం మోపే మాటే. పైగా ఆ మాట నమ్మినన్నాళ్ళూ చేయాల్సిన పని ఎవరూ చేయరు. సిగ్గుకు మందు లేదు కదా, ఉపన్యాసం ఇచ్చి ఇంటికి పోవచ్చు.

సిగ్గు సంగతే ముందు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లో జరుగుతున్నాయి. ఒక తరం కిందట ఇదే నేలమీద మంత్రసాని చేతిలో, ఇంటి వెనక గదిలో కన్న ఆడవాళ్ళ కూతుళ్ళే వీళ్ళు. ఎవరో తెలియని డాక్టరు ముందు, నర్సుల ముందు, పక్క మంచం మీద ఇంకొకావిడ అరుస్తుండగా బిడ్డను కన్నారు. అదే సర్వే లెక్కలో కర్ణాటకలో పెళ్ళయిన ఆడవాళ్ళలో 57.4 శాతం మంది పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. శిబిరాల్లో వరసగా పడుకుని, కడుపు మీద కత్తి పెట్టించుకుని, మర్నాడు ఇంటికొచ్చి పొయ్యి వెలిగించినవాళ్ళు. ఆనాడు ఏ అధికారీ "వీళ్ళకు సిగ్గు, రారు" అని ఫైలు మూసేయలేదు. ఇంటికి మనిషిని పంపారు. పేరు పెట్టి పిలిచారు. జీపు ఎక్కించుకుని పోయి దింపివచ్చారు. చేతిలో డబ్బులు పెట్టారు. వాళ్ళు వచ్చారు.

అదే ఆపరేషన్ మగవాళ్ళకైతే ఇంకా తేలిక. కడుపు కోయక్కర్లేదు, కాసేపట్లో లేచి నడవొచ్చు. దేశంలో మగవాళ్ళు చేయించుకున్నది 0.3 శాతం జంటల్లోనే. సిగ్గు లెక్కలు తీస్తే ఎటు తేలతాయో చెప్పనక్కర్లేదు.

కాన్పుకూ కుటుంబ నియంత్రణకూ అడ్డురాని సిగ్గు రొమ్ము పరీక్షకు మాత్రం ఎలా అడ్డొచ్చింది? అడ్డొచ్చిందో లేదో తెలియాలంటే ముందు ఆ పరీక్ష చేస్తామని ఎవరైనా అడిగి ఉండాలి. అదే సర్వేలో ఇంకో వరస ఉంది. 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో, జీవితంలో ఒక్కసారైనా రొమ్ము క్యాన్సర్ కోసం పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 0.9 శాతం. వెయ్యిమందిలో తొమ్మిదిమంది. మిగతా 991 మందీ సిగ్గుపడి పారిపోయారా? నగరాల్లో ఉన్నవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు, టీచర్లు, నర్సులు కూడా ఆ 991లోనే ఉన్నారు. వాళ్ళ తలుపు ఎవరూ తట్టలేదు. అంతే.

కాగితం మీద మాత్రం తట్టాలనే ఉంది. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ఒక కార్యాచరణ పత్రం తెచ్చింది. 30 నుంచి 65 ఏళ్ళ ప్రతి స్త్రీకీ అయిదేళ్ళకొకసారి రొమ్ము పరీక్ష చేయాలి, చేత్తో చేసే పరీక్ష, శిక్షణ ఉన్న ఆరోగ్య సిబ్బంది చేయాలి, అనుమానం ఉంటే పై ఆస్పత్రికి పంపాలి. దాని కిందనే ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క చేతికి ఒక ఫారం వచ్చింది. ముప్పై దాటిన ప్రతి మనిషికీ నింపాలి. ఆడవాళ్ళ ఎద గురించి అందులో మూడు ప్రశ్నలు: గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం కలిసిన స్రావం ఉందా, ఆకారంలో పరిమాణంలో మార్పు ఉందా. ఒక ఫారం నింపితే ఆశాకు దక్కేది పది రూపాయలు.

ఈ మూడు ప్రశ్నలు ఎక్కడ అడుగుతారో ఊహించుకోండి. ఇంటి గడప దగ్గర. లోపల అత్త, అరుగు మీద మామ, మగ్గమో మోటారో బాగుచేస్తూ మొగుడు. "గడ్డ ఏమన్నా ఉందా అక్కా?" "లేదమ్మా." టిక్కు పడిపోతుంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. తన ఎదలో ఏముందో ఆవిడకు తెలియదు. సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు గడ్డ నొప్పి పెట్టదు, బయటికి కనబడదు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పిలేనిదే. మనవాళ్ళు నొప్పి ఉంటేనే రోగమని లెక్కవేస్తారు. బిడ్డకు పాలిచ్చే కాలంలో ఏ గడ్డయినా "పాలగడ్డ" అయిపోతుంది, వేడినీళ్ళ కాపడంతో సరిపెడతారు. ఇది సిగ్గు అనే పేరుకు తగదు. చూడటం తెలిసిన చెయ్యి ఆ ఎద మీద ఒక్కసారీ పడలేదు. అడగటం వేరు, చూడటం వేరు. మన వ్యవస్థ అడిగి చూసినట్టు లెక్క రాసుకుంటోంది.

చూడటమంటే ఏమిటి? పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఒక గది, ఒక బల్ల, అడ్డంగా ఒక తెర, చేతులు కడుక్కున్న ఒక ఆడమనిషి. ముందు కూర్చోబెట్టి చూస్తుంది: రెండు పక్కలా తేడా ఉందా, చర్మం గుంట పడిందా, బత్తాయి తొక్కలా మారిందా, చనుమొన కొత్తగా లోపలికి పోయిందా. తర్వాత పడుకోబెట్టి, చెయ్యి తల మీదికి పెట్టించి, మూడు వేళ్ళ మెత్తటి భాగంతో గుండ్రంగా నొక్కుతూ రొమ్మంతా, చంక లోపలా, కంటె ఎముక పైనా తడిమి చూస్తుంది. పది నిమిషాల పని. దొరికిన గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, ఆ మాట కూడా ఆవిడే చెప్పాలి. అవునో కాదో స్కాను, సూది పరీక్ష తేలుస్తాయి.

"చేత్తో తడిమితే ప్రాణాలు నిలుస్తాయా?" అని అడిగేవాళ్ళుంటారు. అడగాలి కూడా. ముంబైలో టాటా మెమోరియల్ ఆస్పత్రివాళ్ళు 1998లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. మురికివాడల్లో ఉండే 35 నుంచి 64 ఏళ్ళ స్త్రీలు, మొత్తం 1,51,538 మంది. సగం వాడల్లో శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి, నాలుగు విడతలు చేత్తో పరీక్ష చేశారు. వాళ్ళు డాక్టర్లు కారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2021లో లెక్క తేల్చారు. పరీక్ష జరిగిన వాడల్లో క్యాన్సర్లు ఇంకా చిన్న దశలో ఉండగానే దొరికాయి. మొత్తం మీద మరణాలు 15 శాతం తగ్గినట్టు కనబడినా అది గణాంకాలరీత్యా గట్టిగా నిలబడలేదు. యాభై దాటినవాళ్ళలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి, అది నిలబడింది. యాభై లోపువాళ్ళలో దశ తగ్గినా మరణాల్లో ఆ మేలు కనబడలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఎందుకంటే ఎక్కువ చేసి చెప్పాల్సిన అవసరం ఈ విషయానికి లేదు. ముంబై మురికివాడలో, ఒకే గదిలో ఎనిమిదిమంది ఉండే ఇళ్ళ మధ్య, ఆ స్త్రీలు నాలుగు విడతలు వచ్చారు. వాళ్ళకు లేని సిగ్గు మా చింతామణి ఆడవాళ్ళకు ఎక్కడినుంచి ఊడిపడింది?

అంత దూరం పోనక్కర్లేదంటే తెలుగునాట చూడండి. 2012, 2016 మధ్య డాక్టర్ రఘురామ్ నడిపే ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ చొరవతో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఆశాలకూ ఎ.ఎన్.ఎం.లకూ ఈ చేతి పరీక్ష నేర్పించారు. రెండు లక్షలకు పైగా పేద స్త్రీలను చూశారు. మన మాటే మాట్లాడే, మన చీరే కట్టే ఆడవాళ్ళు. నేర్పింది వాళ్ళ ఊరి మనిషికే కాబట్టి వాళ్ళు ఒప్పుకున్నారు.

ఊరి మనిషి, తెలిసిన మనిషి అన్నది చిన్న సంగతి కాదు. మా తాలూకాలోని కైవారం తాతయ్యగారు యోగి కాకముందు గాజులమ్మేవారు. గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగేవారని మా వైపు ప్రతి పిల్లకూ తెలుసు. గాజులాయన గుమ్మంలోకొస్తే కోడలిపిల్లలూ బాలింతలూ చెయ్యి చాచి కూర్చునేవారు. మొగుడు తప్ప మరే మగవాడూ ముట్టుకోకూడదనే కాలంలో, ఆ చెయ్యి నొప్పి పుట్టకుండా గాజు ఎక్కిస్తుందని నమ్మి ఇచ్చేవారు. ఇంటికొచ్చిన మనిషి, నమ్మిన మనిషి, మన మాట మాట్లాడే మనిషి. ఈ మూడూ ఉంటే సిగ్గు పక్కకు తప్పుకుంటుంది. మాది కర్ణాటకే అయినా, తెలుగులోనే ఏడ్చి, తెలుగులోనే జోలపాడే ఇంటి ఆడవాళ్ళకు గోడమీద కన్నడంలో అంటించిన "స్తన క్యాన్సర్" అనే మాట కంటికి ఆనదు. కన్నడం వాళ్ళకు రాదని అనడం లేదు, బజారులో బస్సులో గడగడా మాట్లాడతారు. కానీ ఒంట్లో బాధ చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు నోట్లోంచి వచ్చేది ఇంటి మాటే. "ఎదలో గట్టిగా ఉందమ్మా" అని చెప్పగలిగేంత చనువు ఆ గదిలో ఉండాలి.

గది అన్నాను కాబట్టి ఇంకోటి. తలుపు వేయని గదిలో, బయట వరస కనబడుతుండగా జాకెట్టు విప్పమంటే ఆవిడ తటపటాయిస్తుంది. దాన్ని "సిగ్గు" అని కేసు షీటులో రాస్తారు. తెర కట్టని గది గురించి ఎక్కడా రాయరు.

సిగ్గు సిద్ధాంతానికి పుట్టిన బిడ్డ ఒకటుంది. "నెలనెలా అద్దం ముందు నిలబడి మీ రొమ్ము మీరే పరీక్షించుకోండి" అనేది ఆ బిడ్డ. సభల్లో దీన్నే ఎక్కువ చెబుతారు, ఖర్చులేదు గనక. చైనాలోని షాంఘైలో నేత మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది స్త్రీల మీద దీన్ని పరీక్షించారు. ఒక సగానికి స్వీయపరీక్ష నేర్పారు, మళ్ళీ మళ్ళీ గుర్తుచేశారు, దగ్గరుండి చేయించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. నేర్చుకున్నవాళ్ళలోనూ నేర్చుకోనివాళ్ళలోనూ రొమ్ము క్యాన్సర్ మరణాలు సమానం. క్యాన్సర్ కాని గడ్డలకు జరిగిన ముక్క పరీక్షలు (బయాప్సీలు) మాత్రం పెరిగాయి. అందుకని ఆడది తన ఒంటిని తెలుసుకోనక్కర్లేదని కాదు. తెలుసుకోవాలి. ఏ కొత్త మార్పు కనబడినా ఆగకుండా పోవాలి. కానీ మొత్తం భారం ఆవిడ వేళ్ళమీద పెట్టి, దొరకకపోతే "నువ్వు చూసుకోలేదు" అనడం అన్యాయం. వ్యవస్థ చేయాల్సిన పనిని ఆవిడకు అప్పగించి, ఫెయిలైతే ఆవిడకే సున్నా వేయడం.

రొమ్ము ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ బండి వస్తే అన్నీ సర్దుకుంటాయని మరికొందరు. నలభై, యాభై దాటినవాళ్ళకు మామోగ్రామ్ మేలు చేస్తుంది, అందుబాటులో ఉన్నవాళ్ళు రెండేళ్ళకొకసారి తప్పక చేయించుకోవాలి. వయసు తక్కువైనవాళ్ళలో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి ఆ బొమ్మలో గడ్డ దాక్కుంటుంది. వాళ్ళకు అల్ట్రాసౌండు మేలు. మన దేశంలో ఈ జబ్బు పడమటి దేశాలకంటే దాదాపు పదేళ్ళు ముందే, నలభైల్లో యాభైల్లో ఎక్కువగా కనబడుతోంది. బండి ఒక రోజు వచ్చి పోతుంది. బండి పోయాక ఏమవుతుందో దానిమీదే అంతా ఉంటుంది.

అసలు కథ అక్కడుంది. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో 1995లో ఇలాంటి చేతి పరీక్షే మొదలుపెట్టారు. నర్సులూ మంత్రసానులూ 1,38,392 మందిని చూశారు. 3,479 మందిలో అనుమానం కనబడింది. వాళ్ళలో తర్వాతి పరీక్షలు పూర్తి చేసుకున్నది 35 శాతం. ఇళ్ళకు వెళ్ళి అడిగినా 42 శాతం మంది రామన్నారు. ఆ పరిశోధన ఆగిపోయింది. సిగ్గు వాదులకు ఇది ఆయుధంలా కనబడొచ్చు. ఒకసారి జాగ్రత్తగా చదవండి. జాకెట్టు విప్పి పరీక్ష చేయించుకోవడానికి లక్షమందికి పైగా ఒప్పుకున్నారు. సిగ్గే అడ్డయితే అక్కడే ఆగిపోవాలి. వాళ్ళు ఆగింది ఆ తర్వాత, పెద్దాస్పత్రికి పోవాల్సిన చోట. అక్కడ ఆపేవి వేరే.

మా వైపు ఆపేవేవో నాకు తెలుసు. చింతామణి తాలూకాలో ఒక పల్లె అనుకోండి. నలభై ఆరేళ్ళావిడ. రెండు ఆవులు, అరెకరం మల్బరీ, ఇంట్లో పట్టుపురుగులు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూసి తాలూకా ఆస్పత్రికి పొమ్మన్నారు. అక్కడినుంచి కోలారుకో చిక్కబళ్ళాపురానికో. అక్కడ చూసి బెంగళూరు కిద్వాయికి. 1973లో పెట్టిన క్యాన్సర్ ఆస్పత్రి, పేదవాడికి ఈ రాష్ట్రంలో దిక్కు అదే. హోస్కోట మీదుగా బస్సులో మూడు గంటల దారి. తెల్లారి బయలుదేరినా ఓపీ చీటీ వరసలో ముందు ఉండదు. రక్తపరీక్ష ఒకరోజు, స్కాను ఒకరోజు, సూది పరీక్ష ఒకరోజు, దాని రిపోర్టు పదిరోజులకు. పాలు రెండుపూటలా పితకాలి, డైరీకి పోయాలి, ఒక పూట తప్పితే ఆవు పొదుగు వాస్తుంది. పురుగులు నాలుగో జ్వరం, అంటే పొర విడిచే నిద్ర, లేచాయంటే వారం పాటు రాత్రీ పగలూ ఆకు వేయాలి. మొత్తం పంటలో అవి తినే ఆకులో నూటికి ఎనభై వంతులకు పైగా ఆ వారంలోనే తింటాయి. ఆ వారం ఆవిడ కదిలితే శిడ్లఘట్ట మార్కెట్టుకు పోవాల్సిన గూళ్ళు లేవు, సంఘంలో తీసిన అప్పుకు కంతు లేదు. "పురుగులు గూటికెక్కాక పోదాం" అంటుంది. గూటికెక్కాక టమోటా కోతకొస్తుంది. టమోటా అయ్యాక కూతురి కాన్పు. ఆర్నెల్లు గడుస్తాయి. ఆ తర్వాత డాక్టరు ముందు కూర్చుంటే, ఆయన ఫైలులో "ఆలస్యంగా వచ్చింది, సిగ్గు" అని రాసుకుంటాడు.

ఆ ఆర్నెల్ల ఖరీదు ఎంతో మన దేశం లెక్కే చెబుతోంది. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలో, గడ్డ రొమ్ము దాటకముందే దొరికినవాళ్ళలో అయిదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు 81 శాతం. చంక గ్రంథుల్లోకి పాకాక 65.5. దూరపు అవయవాలకు చేరాక 18.3. చికిత్స కూడా మారిపోతుంది. చిన్నగా ఉన్నప్పుడు గడ్డ ఉన్న భాగం తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుంది, రొమ్ము మొత్తం తీయక్కర్లేదు. "కత్తి పెడితే పాకుతుంది" అని భయపడేవాళ్ళు పాకాక కత్తి పెట్టించుకున్నవాళ్ళనే చూసి ఉంటారు. 2022లో మన దేశంలో కొత్తగా ఈ జబ్బు పడ్డవాళ్ళు సుమారు 1,92,000 మంది, పోయినవాళ్ళు సుమారు 98,000.

సిగ్గు అసలే లేదని నేను వాదించడం లేదు. ఉంది. దాని కంటే గట్టివి చాలా ఉన్నాయి. ఆవిడతో పాటు బెంగళూరు వచ్చే మొగుడు ఉండటం లేదు. రెండు పూటల పాలు పితికే తోటికోడలు దొరకడం లేదు. బస్సు డబ్బులు ఎవరి చేతిలో ఉంటాయి, ఏ రోజు పోవాలో ఎవరు నిర్ణయిస్తారు, అవి సిగ్గు ఖాతాలో పడవు. ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటకలో బి.పి.ఎల్. రేషను కార్డున్న కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల దాకా చికిత్స ఉంది. ఆ కార్డు ఆస్పత్రి బిల్లు కడుతుంది. పాలు పితకదు.

అందుకే నాకు పట్టుపురుగుల లెక్క తెలిసిన ఆరోగ్య కేంద్రం కావాలి. ఊళ్ళో ఎవరి పురుగులు ఏ జ్వరంలో ఉన్నాయో ఆశా అక్కకు తెలుసు, ఆ లెక్కతో తేదీ రాయొచ్చు. ప్రతి ఊళ్ళో పాల డైరీ ముందు రోజుకు రెండుసార్లు ఆడవాళ్ళు క్యాన్లతో నిలబడతారు. పరీక్ష గది అక్కడికి రావొచ్చు, పక్కనున్న బడిలో ఒక గది, ఒక తెర చాలు. అనుమానం వచ్చిన నలుగురైదుగుర్ని ఒకే రోజు, ఒకే బండిలో, ఒక నర్సు తోడుగా పంపితే స్కానూ సూది పరీక్షా ఒకే పూటలో అయిపోతాయి. కుటుంబ నియంత్రణకు జీపులు తిప్పిన ప్రభుత్వానికి ఇది కొత్త విద్య కాదు. రొమ్ములో మార్పుతో మొదటిసారి చూపించుకున్న దగ్గరనుంచి క్యాన్సర్ నిర్ధారణ 60 రోజుల్లో జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. 2024లో పక్కనే కోలారు జిల్లాలో ఇంటింటికీ వెళ్ళి పరీక్షించే గృహ ఆరోగ్య పథకం మొదలైంది, రొమ్ము క్యాన్సర్ దాని జాబితాలో ఉంది. అది గడప దగ్గర టిక్కుతో ఆగుతుందా, బెంగళూరు బల్లదాకా తోడు పోతుందా అన్నదే నాకు పట్టింపు.

అక్కల్లారా, మీకు ముప్పై దాటిందా? ఆశా అక్క ఫారం పట్టుకొచ్చినప్పుడు "లేదమ్మా" అనేసి ఊరుకోకండి. "నువ్వు అడగడం కాదు, నర్సమ్మ చేత్తో ఎప్పుడు చూస్తుంది?" అని అడగండి. ఒకసారి చూపించుకుని మానకండి, పోయినేడు లేని గడ్డ ఈ ఏడు ఉండొచ్చు. అమ్మకు లేదు, అక్కకు లేదు, నాకేం అనుకోకండి, ఈ జబ్బు పడ్డవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో అంతకుముందు ఎవరికీ లేదు.

వచ్చే అక్టోబరు సభలో ఎవరైనా మళ్ళీ ఆ పాత మాట మొదలుపెడితే, లేచి నిలబడి మూడు అంకెలు అడగండి. ఈ తాలూకాలో ముప్పై దాటిన ఆడవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో ఈ అయిదేళ్ళలో ఎంతమంది ఎదను చేత్తో చూశారు? అనుమానం వచ్చినవాళ్ళలో సూది పరీక్ష దాకా చేరింది ఎందరు?